ఏ చెట్టు కల్లు? – కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల రుచుల చరిత్ర

పింఛనుదారుల ప్రత్యేక సంచికలో కల్లు గురించి వ్యాసమేమిటని కొందరు పెద్దలు ముక్కున వేలు వేసుకోవచ్చును. తాగమని చెప్పడానికి గాని, తాగవద్దని ఉపన్యాసమివ్వడానికి గాని ఇది వ్రాయడం లేదు. మన రెండు తాలూకాల బతుకులో జొన్నరొట్టెకు ఎంత చోటున్నదో, కల్లుకూ అంత చోటున్నది. పోచమ్మకు బోనం తీసినా, ఎల్లమ్మకు పండుగ చేసినా కల్లు సాక పోయనిదే పని పూర్తి కాదు. అయినా మన స్థానిక చరిత్రలలో కోటలకు, చెరువులకు దొరికిన పేజీలు దీనికి దొరకలేదు.

ఈ విషయం ఇప్పుడు ఎందుకు గుర్తుకు వచ్చిందంటే, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు, మనుమలు సెలవులకు వచ్చినప్పుడు క్రాఫ్ట్ బీరు ముచ్చట్లు చెబుతున్నారు. తెలంగాణ ఏర్పడిన కొద్దికాలానికే మైక్రో బ్రూవరీలకు అనుమతులు ఇచ్చారు. అక్కడికక్కడే తయారుచేసి గ్లాసులో పోసి ఇస్తారట. గోధుమలతో చేసే హెఫెవైజెన్ అరటిపండు వాసన వేస్తుంది. మాడ్చిన బార్లీతో చేసే స్టౌట్ నల్లగా, కాఫీ డికాషన్‌లా ఉంటుంది. హాప్స్ అనే పూలు దండిగా వేసిన ఇండియా పేల్ ఏల్ వేపాకు నమిలినట్లు చేదు. (పేరులో ఇండియా ఉన్నదని మురిసిపోనక్కర లేదు. మన దేశంలోని తెల్లదొరల కోసం ఇంగ్లండులో తయారై ఓడలలో వచ్చిన సరుకు అది.) ఒకే బల్ల దగ్గర కూర్చున్న నలుగురు మిత్రులు నాలుగు రకాలు తెప్పించుకొని, ఎవరిది గొప్ప అని వాదించుకుంటారట. రుచిలో ఇన్ని భేదాలుండడం తమ కాలానికే వచ్చిన భాగ్యమని ఆ పిల్లల నమ్మకం. వారి ముత్తాతలు ఈ వాదన చెరువు కట్ట మీద కూర్చొని చేసేవారు.

మన దగ్గర కల్లు ప్రధానంగా రెండు చెట్లది. ఈత, తాడు. రెండింటి గీత వేరు, రుచి వేరు. ఈతచెట్టును మొవ్వు కింద కాండం మీదనే చెక్కుతారు. ఒక యేడు ఒక వైపు చెక్కితే మరుసటి యేడు రెండో వైపు. అందుకే ముసలి ఈతచెట్టు మెట్లు మెట్లుగా, వంకర టింకరగా కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెట్టి చెట్టు ఎన్ని యేండ్లు గీతకు వచ్చిందో చెప్పగల గౌండ్లవారు ఉండేవారు. తాడికి కాండం జోలికి పోరు. మోకు, ముత్తాదు కట్టుకొని తల దాకా ఎక్కి, గెలను నలిపి, కొసను పలుచగా కోస్తూ కుండ కడతారు. ఈత అయిదారేండ్లకే గీతకు వస్తుంది. తాడికి పదిహేను ఇరవై యేండ్లు ఆగవలసిందే. తాత నాటితే మనుమడు గీస్తాడన్నట్టు.

ఈతకల్లు చలికాలంలో బాగుంటుంది. సన్నగా, తియ్యగా, నాలుక మీద కాస్త చిమచిమ. వాగుల ఒడ్డున, చెరువు కట్టల వెంట తేమ ఉన్నచోట ఈతవనాలు పెరుగుతాయి కనుక ఎల్లారెడ్డి వైపు వాగుల వెంట, మంజీర పొంట ఈత ఎక్కువ. తాటికల్లు చిక్కన, వాసన ఘాటు. తాడిలో మళ్ళీ పోతుతాడు, పండుతాడు అని భేదం. పరుపుతాడని ఇంకొక మాట. పోద్దాటి కల్లు మగచెట్టు గెలది, పండుతాటి కల్లు కాయ కాచే చెట్టుది, ఎండాకాలపు సరుకు. పోద్దాటి కల్లు తప్ప ముట్టనివారు, పండుతాటి కల్లు కోసం చైత్రమాసం దాకా ఓపిక పట్టేవారు ప్రతి ఊరిలోనూ ఉండేవారు.

చెట్టు తరువాత పూట. తెల్లవారుజామున దించినది తియ్యకల్లు. అదే కుండ పగటి పూటకు పులుపెక్కుతుంది. సాయంత్రానికి ఘాటు. మరునాటికి పుల్లటి కల్లు, అది కొందరికే ఇష్టం. నాట్లకు పోయే ఆడవారు, బాలింతలు, ముసలివారు తీపి అడిగితే, మోట కొట్టి వచ్చినవారు పులుపు అడిగేవారు. చిత్రమేమిటంటే ఇవి వేరు వేరు పానీయాలు కావు. ఒకే నీటి వయసు భేదాలు. చెట్టునుండి కారేటప్పుడు అది వట్టి చక్కెర నీరు. నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉంటుంది. గాలిలో, కత్తి గాటులో, నిన్నటి కుండ గోడల్లో ఉన్న ఈస్టు అందులో పడగానే పని మొదలు. కొద్ది గంటలలో నాలుగైదు శాతం దాకా సారాయం ఏర్పడుతుంది, అంటే బీరుతో సమానం. పక్కనే పులుపు తెచ్చే బాక్టీరియా తన పని తాను చేస్తుంటుంది. చివరకు అది సిర్కా అవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే ఈ పులియడం ఆగిపోయి నీరాగా నిలుస్తుంది.

బీరులో కూడా ఇటువంటిది ఒకటున్నది. బెల్జియం దేశంలో బ్రస్సెల్స్ నగరం చుట్టుపట్ల లాంబిక్ అనే బీరు తయారవుతుంది. తక్కిన బీర్లవలె ఈస్టు తెచ్చి కలపరు. కాచిన బార్లీ, గోధుమల రసాన్ని వెడల్పాటి తొట్లలో రాత్రంతా తెరచి ఉంచుతారు. ఆ ప్రాంతపు గాలిలోని ఈస్టు దానంతటదే వచ్చి చేరుతుంది. ఆ పని చలికాలంలోనే చేస్తారు. పుల్లగా ఉండే ఆ బీరును ప్రపంచమంతా గొప్పగా చెప్పుకొంటుంది. మన ఈతకల్లుదీ అదే విద్య. తేడా అల్లా, వారికి సంవత్సరాలు పట్టేది మన ఎండకు ఒక పూటలో అయిపోతుంది. కనుకనే కల్లు సీసాలో ఎక్కి దేశాలు తిరగలేదు, ఊరి పొలిమేర దాటితే దాని రుచి దానికి ఉండదు.

ఇక ఒకరికి నచ్చినది ఇంకొకరికి ఎందుకు నచ్చదు? కొంత అలవాటు, కొంత పుట్టుక. 1931లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పొడిని సీసాలో పోస్తుండగా అది గాలిలోకి ఎగిరింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదయిందని మొత్తుకున్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఇద్దరూ పంతానికి పోయి రుచి చూశారు, అదే ఫలితం. తరువాత పరీక్షలు చేసి చూడగా ఆ చేదు తెలియడం, తెలియకపోవడం వంశపారంపర్యమని తేలింది. దానికి కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. కాబట్టి చేదు బీరు తాగలేని వాడు అనుభవం లేనివాడూ కాదు, తాగేవాడు మొనగాడూ కాదు. కల్లులో చేదు లేదు, ఉన్నదల్లా తీపి, పులుపు, వగరు. మన వయసువారి సంగతి ఇంకొకటి. ముక్కుకు వాసన తగ్గితే నాలుకకు రుచి తగ్గుతుంది. వెనుకటి కల్లు ఇప్పుడేదీ అని మనం వాపోవడంలో కొంత మన ముక్కుల దోషం కూడా ఉన్నది. అయితే అంతా ముక్కుల దోషం కాదు, కల్లు నిజంగానే మారింది. ఆ మార్పు ఒక్కరోజులో రాలేదు.

పాత గెజిటీర్లలో మన తాలూకాల పేర్లు కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట. అప్పటి నిజాం రాజ్యంలో అబ్కారీ అంటే భూమిశిస్తు పక్కన నిలబడగలిగిన ఆదాయం. 1316 ఫసలీలో, అంటే 1907 ప్రాంతంలో, హైదరాబాదు అబ్కారీ చట్టం వచ్చింది. ఉర్దూ దస్తావేజులలో ఈతకల్లు సేంధీ, తాటికల్లు తాడీ. చెట్టు ఎవరి పట్టా భూమిలో ఉన్నా గీసే హక్కు సర్కారుది. పట్టాదారుకు హక్కే మాలికానా పేర కొంత ముట్టేది. గీసే చెట్టుకు నంబరు పడేది. దుకాణాలు హర్రాజు వేసేవారు. హర్రాజు పాడిన ముస్తేదారుకు గౌండ్లవాడు కల్లు దించి ఇవ్వాలి. చెట్టు ఎక్కేవాడు కూలివాడయ్యాడు, దుకాణం మీద కూర్చున్నవాడు దొర అయ్యాడు. ఇప్పపువ్వు సారా కథ కూడా ఇటువంటిదే గాని, అది వేరే వ్యాసానికి తగిన విషయం.

రుచి చరిత్రలో ఇది పెద్ద మలుపని నా అభిప్రాయం. చెట్టు కిందికి పోయి తాటిరేక పట్టి తాగే మనిషికి అది ఏ చెట్టుదో, ఎవరు గీసినదో, ఏ పూటదో తెలుసు. బాగా లేకపోతే అక్కడే ముఖం మీద అడుగుతాడు. దుకాణానికి వచ్చేసరికి పది ఊర్ల లొట్లు ఒకే పీపాలో పడతాయి. హర్రాజు సొమ్ము రాబట్టాలి కనుక నీళ్ళు కలుస్తాయి. నీళ్ళు కలిసినందుకు తీపి కలపాలి. చెట్టు పేరు పోయి సీసా లెక్క వచ్చింది. 1900 ప్రాంతంలో మన్మాడు రైలుమార్గం కామారెడ్డి మీదుగా వచ్చి, ఊరు బెల్లం వ్యాపారంతో పెరుగుతూ పోయింది. 1931కి నిజాంసాగర్ కట్ట పూర్తయి ఆయకట్టులో వరి, చెరకు విస్తరించాయి. ఊరు పెరిగినకొద్దీ చెట్టు కిందికి పోయేవారు తగ్గి, దుకాణానికి పోయేవారు పెరిగారు.

గీత కార్మికులు ఊరుకోలేదు. చెట్టు గీసేవాడిదే కావాలని పోరాడినవారిలో సూర్యాపేట ప్రాంతపు బొమ్మగాని ధర్మభిక్షం (1922–2011) పేరు ముందు చెప్పుకోవాలి. క్రమంగా ముస్తేదార్ల స్థానంలో గీతవారి సహకార సంఘాలు వచ్చాయి. సంఘం లేనిచోట గీసేవానికే చెట్టు అనే పద్ధతి వచ్చింది. అబ్కారీ శాఖలో పనిచేసిన మన మిత్రులకు టి.సి.యస్., టి.ఎఫ్.టి. అనే పొట్టి అక్షరాలు నిద్రలో కూడా గుర్తే. చెట్టుపన్ను తెలంగాణ వచ్చిన తరువాత పోయింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు మనమందరం చూసినవే. ఆ నిషేధంలో కూడా కల్లును వదిలారు. సారా పోయిన చోట కల్లు డిపోలకు గిరాకీ పెరిగింది. చెట్లు మాత్రం పెరగలేదు. చెట్లు పెరగకుండా కల్లు ఎలా పెరుగుతుందో లెక్కలు తెలిసినవారికి వేరే చెప్పనక్కర లేదు.

పొడులు వచ్చినది ఈ సందులోనే. డయాజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు, తీపికి సాకరిన్, నురగకు ఇంకేవో. పాత నిజామాబాదు జిల్లాలో, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఈ రోగం బాగా పాకింది. కల్లు మీద మాట పడడమే గాని, వాటిలో కొన్నింటిలో చెట్టు చుక్క నామమాత్రం. 2015 సెప్టెంబరులో అధికారులు గట్టిగా దాడులు చేసి పొడి కల్లు ఆపినప్పుడు, అలవాటు పడినవారు వణుకు, మూర్ఛ, మతిభ్రమణంతో ఆసుపత్రుల వరండాలు నింపారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2016లో కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ డివిజన్లతో కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలోనే 2025 ఏప్రిల్‌లో నసురుల్లాబాద్, బీర్కూరు మండలాల గ్రామాలవారు కల్తీ కల్లు తాగి, వింతగా ప్రవర్తిస్తూ, పదుల సంఖ్యలో బాన్సువాడ ఆసుపత్రిలో చేరారు. మూడు నెలలు తిరగకుండానే జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు మనుషులు చనిపోయారు.

ఇంట్లో ఇటువంటి అలవాటున్న పెద్దవారు ఉంటే కుటుంబాలవారు ఒక సంగతి తెలుసుకోవాలి. పొడి కల్లును ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం. రెండు మూడు రోజులలో నిద్ర పోయి, చేతులు వణికి, మూర్ఛ రావచ్చును. దయ్యం పట్టిందనుకోకుండా సర్కారు దవాఖానాకు తీసుకొని వెళ్ళి, కల్లు అలవాటున్నదని సిగ్గుపడక చెప్పాలి. వైద్యులు మందు మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. మనలో బి.పి.కి, నిద్రకు మాత్రలు వాడేవారికి ఇది రెండింతల ప్రమాదం, ఒక నిద్రమందు మీద ఇంకొకటి పడుతుంది కాబట్టి.

పొడి కల్లు తాగేవారిని ఏ రుచి ఇష్టమని అడిగితే జవాబు రాదు. కిక్కు ఉన్నదా లేదా అన్నదే మాట. ఒకప్పుడు ఈ చెట్టు, ఆ చెట్టు, ఈ పూట, ఆ పూట అని తగవు పడ్డ నాలుకలు అవి. ఆ తగవే కల్తీకి పెద్ద కాపలాగా ఉండేది. పోద్దాటి కల్లు రుచి ఎరిగినవానికి సాకరిన్ నీళ్ళు అంటగట్టడం ఎవరి తరమూ కాదు. అబ్కారీ ప్రయోగశాల నివేదిక వచ్చేదాకా ఆగవలసిన పని ఆ రోజులలో లేదు.

ఈ మధ్య ప్రభుత్వం 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచింది. 2024 జులైలో చెట్లెక్కేవారికి కాటమయ్య రక్ష పేర మోకుతోపాటు వాడే రక్షణ పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు మీదినుండి జారిపడి నడుములు విరిగినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు కనుక ఇది ఎప్పుడో జరగవలసిన పని. మన ప్రాంతంలో ఇప్పటికీ కట్టల వెంట తమ చెట్లు తామే గీసి, దించిన చోటనే పోసే గౌండ్లవారు అక్కడక్కడ ఉన్నారు. పొద్దు పొడవకముందే పోవాలి, ఎనిమిది గంటలు దాటితే తియ్యకల్లు మిగలదు. అక్కడికి వచ్చే ముసలివారు ముంత అందుకోకముందే, ఇది ఏ చెట్టుదని ఇప్పటికీ అడుగుతారు. గౌడు చెయ్యెత్తి చూపుతాడు.