ఇంధన పొదుపు కట్టడాలు: నిర్మాణ మేనేజర్లకు శిక్షణ

తాండూరు, బషీరాబాద్ ప్రాంతాలు నాపరాయికి పేరుపడ్డాయి; తాండూరు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. ఈ సరుకుతో కట్టిన ఇల్లు వేసవిలో ఎంత కరెంటు తాగుతుందన్నది చాలావరకు సైటు మేనేజరు చేతిలో ఉంటుంది.

నిర్మాణ రంగంలో శిక్షణకు హైదరాబాదే కేంద్రం. 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్) మేస్త్రీలకూ ఇంజనీర్లకూ పని నేర్పుతుంది. సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లోనైతే భవనమే పాఠం: జాలీ గోడలు, మిద్దె మీద పచ్చిక, చల్లగాలిని లోపలికి దించే బురుజులు. అమెరికా వెలుపల, హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన తొలి కట్టడం అదే. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు.

మేనేజర్లు తెలుసుకోవాల్సిన నిబంధనల్లో ముఖ్యమైనది నివాస భవనాలకు 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత. దాని ప్రకారం మన వాతావరణంలో పైకప్పును మినహాయించి గోడలు, కిటికీల గుండా లోపలికి చేరే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు. కాగితం మీద ఈ లెక్క తేలికే. పడమటి కిటికీకి సజ్జ కురచ చేసినా, చట్రం చుట్టూ సందు పూడ్చకుండా వదిలినా సైటులో ఫలితం తారుమారే.

ఇక పైకప్పు సంగతికొస్తే, తెలంగాణ 2023–28 కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపై స్థలాల్లోని ఇళ్లకూ ఎండను తిప్పికొట్టే చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది.