కబురుకు సాక్షి ఎవరు?

రియాద్ నగరపు తూర్పు అంచున ఉన్న సులై గోదాముల పేట. లారీలు, వర్క్‌షాపులు, వాటి వెనుక కార్మికుల గదులు. 2013 అక్టోబరులో ఆ గదులన్నిటా ఒకే ప్రశ్న తిరిగింది: గడువు మళ్లీ పెరుగుతుందా? అకామా లేనివారిని, కఫీల్ దగ్గర కాక మరొకచోట పనిచేస్తున్నవారిని మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. వారు జరిమానా లేకుండా కాగితాలు సరిచేసుకోవడానికి, లేదా ఔట్‌పాస్ మీద ఇంటికి వెళ్లిపోవడానికి ఆ ఏప్రిల్‌లో రాజు అబ్దుల్లా మూడు నెలల వ్యవధి ఇచ్చాడు. అది జూలై 3న ముగియవలసి ఉండగా, ఒక్కరోజు ముందు నవంబరు 3 వరకు పొడిగించారు.

చిక్కంతా ఆ పొడిగింపుతోనే వచ్చింది. పెంచుతారన్న వదంతి అంతకుముందే గదుల్లో ఉంది, అది నిజమైంది. "అన్నా, అప్పుడు గూడ పెంచరనే అన్నరు, పెంచిండ్రు గద" అని జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు నాతో అన్నాడు. కాదనడానికి నాకు వెంటనే మాట దొరకలేదు. ఒకసారి నిజమైన వదంతికి ఆ మీదట సాక్షిని ఎవరూ అడగరు.

ఈ సాక్షిని అడిగే పద్ధతి అరబ్బీ పాండిత్యంలో ఒక శాస్త్రంగా ఎదిగింది. మన కబురు అన్న మాట అరబ్బీ ఖబర్, పార్సీ ఉర్దూల మీదుగా మనకు చేరింది. తెలుగులో బహువచనం పొందగానే అది కాలక్షేపపు కబుర్లుగా మారిపోవడం వేరే ముచ్చట. హదీసు పండితులకు ఖబర్ అంటే పరీక్షకు నిలవవలసిన నివేదన. ఫలానావాడు ఫలానావాడి నుంచి విన్నాడని, మొదటి సాక్షి దాకా వెళ్లే పేర్ల గొలుసును ఇస్నాద్ అన్నారు. తొమ్మిదో శతాబ్దికి చెందిన బుఖారీ, గొలుసులో పక్కపక్కనున్న ఇద్దరూ నిజంగా కలుసుకున్నట్టు తెలియాలన్నాడని ప్రతీతి. ఆయన సమకాలికుడు ముస్లిం, వారు ఒకే కాలంవారై కలుసుకునే వీలుంటే చాలునన్నాడు. మధ్యలో బలహీనుడైన ఒకణ్ణి దాచిపెట్టి, పైవాడి నుంచే విన్నట్టు ధ్వనింపజేయడాన్ని తద్లీస్ అన్నారు. నేటి పత్రికల "విశ్వసనీయ వర్గాల భోగట్టా" చదివినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకర్షించింది మరొక సంగతి. హిమ్స్ నగరానికి చెందిన ఇస్మాయీల్ ఇబ్న్ అయ్యాష్ తన సిరియా గురువుల నుంచి చెప్పినవి నమ్మదగినవనీ, హిజాజ్ వారి నుంచి చెప్పినవి బలహీనమనీ విమర్శకులు తీర్పిచ్చారు. మనిషి ఒకడే. ఏ విషయం అతనికి దగ్గరగా తెలుసు, ఏది తెలియదు అన్నదాన్ని బట్టి అతని విలువ మారింది. గొలుసులనూ కల్పించవచ్చు, అవి వెనక్కి పెరుగుతూ వచ్చాయని 1950లో జోసెఫ్ షాఖ్ట్ వాదించాడు, ఆ వివాదం ఇంకా తెగలేదు. అయినా పై తీర్పు వెనుక ఉన్న వివేకం దానివల్ల చెడదు.

సౌదీ చరిత్రలోనే దీన్ని పరీక్షించి చూడవచ్చు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. సరిహద్దు పంచుకునే దేశమైనా, సౌదీ పత్రికలు సుమారు మూడు రోజులు ఆ వార్తను తమ పాఠకులకు చెప్పలేదు. రియాద్‌లో ఉన్నవారికి అది విదేశీ రేడియోల నుంచి తెలిసింది. మౌనం కూడా ఒక నివేదనే అని అప్పుడు చాలామందికి అర్థమై ఉంటుంది.

అయితే మాట్లాడినవారు మాత్రం నమ్మదగినవారేనా? అదే అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవహక్కుల బృందం ఎదుట, నయీరా అని మాత్రమే పరిచయం చేసిన పదిహేనేళ్ల అమ్మాయి కన్నీళ్లతో సాక్ష్యమిచ్చింది. ఇరాకీ సైనికులు కువైట్ ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి శిశువులను తీసి నేల మీద చనిపోనిచ్చారన్నది. అధ్యక్షుడు బుష్ దాన్ని పదేపదే చెప్పాడు. డిసెంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదికలో చనిపోయిన శిశువుల సంఖ్య 300 దాటింది. 1991 జనవరి 12న సెనేట్ 52-47 ఓట్లతో యుద్ధానికి అనుమతినిచ్చింది. ఆ చర్చలోనూ ఈ కథ వినిపించింది. కువైట్ విముక్తి పొందాక విలేకరులు అక్కడి వైద్యులను అడిగితే ఆధారం దొరకలేదు. ఏప్రిల్‌లో ఆమ్నెస్టీ తన మాట వెనక్కి తీసుకుంది. ఆ అమ్మాయి అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం ఏర్పాటులో హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ హస్తముందని 1992 జనవరిలో జాన్ మెకార్థర్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. శ్రోతలకు చెప్పనిది ఆ అమ్మాయి ఇంటిపేరు. తద్లీస్‌కు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడ ఇబ్న్ ఖల్దూన్‌ను తలచుకోక తప్పదు. 1377లో రాసిన ముఖద్దిమాలో ఆయన, చరిత్ర వార్తలలో చెప్పినవాడి గుణం చూడడానికి ముందే, చెప్పినది సాధ్యమా అని అడగాలన్నాడు. మోషే సైన్యంలో ఆరు లక్షలమంది ఉన్నారన్న కథను, అంత సేన ఏ మైదానంలో బారులు తీరగలదని ప్రశ్నించి తోసిపుచ్చాడు. కువైట్ వంటి చిన్న దేశపు ఆసుపత్రులలో అసలు ఎన్ని ఇంక్యుబేటర్లు ఉంటాయని ఆ డిసెంబరులో అడగవలసింది.

తిరిగి సులై. ఒక శుక్రవారం ఆ యువకుడూ నేనూ కబురు వెంట వెనక్కి నడిచాం. అతనికి చెప్పినవాడు పక్క గదిలో ఉన్నాడు. వాడికి ఒక ట్రాలీ డ్రైవర్ చెప్పాడు. ఫోన్ చేస్తే డ్రైవర్, జవాజాత్‌లో పనిచేసే ఒకతను తన సేటుకు చెప్పాడన్నాడు. సేటు ఆ మనిషిని కలిశాడా? ఏమో. ఆ మనిషి పేరేమిటి? తెలియదు. మరోవైపు, పొడిగింపు ఉండదని ప్రభుత్వం తన పేరుతో ప్రకటిస్తూనే ఉంది. 1990లో మూడు రోజులు మాట్లాడనిది ఈ దేశపు వ్యవస్థే, జూలైలో మాట మార్చిందీ అదే. కానీ తాను ఏ రోజు నుంచి మనుషులను పట్టుకోబోతున్నదో దానికంటే దగ్గరగా తెలిసినవారు ఎవరుంటారు?

అతను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాతి వారం ఔట్‌పాస్ వరుసలో నిలబడ్డాడు. ఆ గదిలోనే మరో ఇద్దరు, మళ్లీ పెంచుతారని, ఉండిపోయారు. నవంబరు 4న తనిఖీలు మొదలయ్యాయి.