రేనాటి రాజుల వంశవృక్షం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరినారు. రెవెన్యూలో చేసినవాడికి చేతనైనది వంశవృక్షాలు పరిశీలించడమే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కచ్చేరీల్లో ఎన్ని చూసినానో లెక్క లేదు. కనుక ఈసారి మన రేనాటి చోళులదే చూద్దాం.

పులివెందులలో ఉండగా ఒక పెద్దాయన భూమి తగాదాలో వంశవృక్షం వేసి తెచ్చినాడు. పైన ఒక పాళెగారు, కింద తొమ్మిది తరాలు. కాగితం ఉన్నది కింది మూడు తరాలకే. "పైవాళ్ళను కొట్టేస్తావా సామీ?" అని బాధపడినాడు. "కొట్టెయ్యను పెద్దాయనా, నా సంతకం మాత్రం ఆ మూడు తరాలకే" అన్నాను.

రేనాటి చోళుల వంశవృక్షం మాలేపాడు రాగి రేకుల్లో ఉంది. హెచ్. కృష్ణశాస్త్రి గారు వాటిని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినారు. వేయించినవాడు పుణ్యకుమారుడు. తమది సూర్యవంశం, కాశ్యప గోత్రం, కావేరికి కట్టలు కట్టిన కరికాలుని కులం అన్నాడు. ఆ కులంలో నందివర్మ. ఆయనకు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయవర్మ అని ముగ్గురు కొడుకులు. ధనంజయుని కొడుకు మహేంద్రవిక్రముడు. అతని కొడుకులు గుణముదితుడు, పుణ్యకుమారుడు. వెరసి నాలుగు తరాలు.

ఇది వారసుడు తానే వ్రాయించుకున్న కాగితం. బయటి సాక్ష్యం కావాలి గదా! అది ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో, చెన్నకేశవస్వామి గుడిలో దొరికింది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతున్నాడని ఆ రాతి మీద తెలుగులో ఉంది. లిపిని బట్టి క్రీ.శ. 575 ప్రాంతమని పండితుల అంచనా. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా దీన్నే చెబుతారు. రేకుల్లోని ధనంజయవర్మ ఇతడే అని చరిత్రకారుల అభిప్రాయం. పుణ్యకుమారునికి ప్రొద్దుటూరు రామేశ్వరంలో రాతి స్తంభం, జమ్మలమడుగు దగ్గర దొమ్మర నంద్యాలలో మరో రాగి శాసనం ఉన్నాయి.

పేర్లు చూడండి. నందివర్మ, సింహవిష్ణువు, మహేంద్రవిక్రముడు: ఇవన్నీ కంచి పల్లవుల పేర్లు. ఎవరి చేతి కింద ఉంటే వారి పేరు బిడ్డకు పెట్టుకోవడం మన సీమకు కొత్త కాదు. 1800లో కలెక్టరుగా వచ్చిన మన్రో దొర పేరే మన పల్లెల్లో మాండ్రోలయ్య అయింది.

ఇక కరికాలుడు. ఆయన తమిళ చోళుడు, నందివర్మకు కొన్ని వందల ఏండ్ల ముందటివాడు. నడుమ తరాల పేర్లు ఆ రేకుల్లో లేవు. నా బల్ల మీదికి వచ్చి ఉంటే "మధ్య తరముల వివరములు లేవు" అని వ్రాసి తిప్పి పంపేవాడిని! తరువాతి కాలంలో నెల్లూరి తెలుగు చోడులు, తిక్కన గారిని ఆదరించిన మనుమసిద్ధి వంశం వారు కూడా, ఆ కరికాలుణ్ణే మూలపురుషుడు అన్నారు.

జమ్మలమడుగు పక్క పెద్దముడియం కథా ఇటువంటిదే. అయోధ్య నుండి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవునితో పోరి చనిపోతే, గర్భవతియైన రాణిని ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి కాపాడినాడని, ఆమె కొడుకే చాళుక్య వంశకర్త అని పదకొండవ శతాబ్దపు తూర్పు చాళుక్య శాసనాలు చెబుతాయి. ఆ ముడివేమే ఈ పెద్దముడియం అంటారు. కానీ ఆరవ శతాబ్దంలో బాదామిలో రాజ్యం స్థాపించిన చాళుక్యుల శాసనాల్లో ఈ కథ లేదు. ఐదు వందల ఏండ్ల తరువాత తాతను వెదుక్కున్నారన్నమాట.

మనవాళ్ళను మాత్రం అని ఏం లాభం? ఇంగ్లండు పక్కనున్న వేల్సు రాజులు పదవ శతాబ్దంలో తమ మూలాన్ని ఏసుక్రీస్తు తల్లి మరియమ్మ బంధువు అన్న అనే ఆమె దాకా తీసుకుపోయినారు.

మొన్న మనవణ్ణి కలమళ్ళకు తీసుకుపోయినాను. అంతా విని, "తాతా, మీ జేజినాయన నాయన పేరేమి?" అని అడిగినాడు. నాకు తెలియదు. ఇంటికి వచ్చి మా అన్నను అడిగితే ఆయనకూ తెలియదు. జేజినాయన కొన్న చేని క్రయ దస్తావేజులో తండ్రి పేరు ఉంటుందన్నాడు. నకలు కోసం రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టినాను.