ఒకే పటం, రెండు ఆటలు

1904 జనవరి 5న అమెరికా ప్రభుత్వం ఒక ఆట పటానికి పేటెంట్ ఇచ్చింది. పేరు 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్', అంటే భూస్వామి ఆట. దాన్ని గీసింది స్టెనోగ్రాఫర్‌గా పనిచేసే ఎలిజబెత్ మేగీ. వేసవి సెలవుల్లో మన పిల్లలు చాపమీద పరుచుకుని ఆడే బిజినెస్ ఆటకు మోనోపలీ తల్లి అయితే, ఈ పటం అమ్మమ్మ. ఊళ్లు కొనడం, ఇళ్లు కట్టడం, ఎదుటివాడు మన గడిలో ఆగితే అద్దె గుంజడం మనకు సరదా. మేగీ మాత్రం ఆ అద్దె అన్యాయమని చెప్పడానికే గడులు గీసింది.

ఆ ఆలోచన ఆమెకు ఒక పుస్తకం నుంచి వచ్చింది. 1879లో హెన్రీ జార్జ్ అనే అమెరికా ఆర్థిక చింతకుడు 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' అనే పుస్తకం రాశాడు. భూమిని ఎవరూ తయారు చేయలేదు, ఊరు పెరిగితే స్థలం ధర దానంతటదే పెరుగుతుంది, అందులో యజమాని చెమట చుక్క లేదు, కాబట్టి పన్ను కష్టార్జితం మీద కాక భూమి విలువ మీద వేయాలన్నది ఆయన వాదం. మేగీ దాన్ని మనసారా నమ్మింది.

ఆ పేటెంట్ బొమ్మను ఎంతసేపు చూసినా తనివి తీరదు. ఒక మూల 'భూమాత' ఉంటుంది. చుట్టు తిరిగి ఆ మూల దాటినప్పుడల్లా వంద డాలర్ల కూలి దక్కుతుంది. రొట్టె, బొగ్గు, బట్ట, నీడ అనే గడులున్నాయి. వాటిలో ఆగితే ఐదు డాలర్లు కట్టాల్సిందే, అవి లేనిదే పూట గడవదు కదా! ఇంకో మూల లార్డ్ బ్లూబ్లడ్ అనే పరాయి దొర భూమి. అందులో కాలు పెడితే నేరుగా జైలుకే. మరో మూల జనం తిరిగే పార్కు, అక్కడే దిక్కులేనివాళ్ల ఆశ్రమం. అప్పు తీర్చలేక చితికిపోయినవాడు చివరికి చేరేది అక్కడికే. కథ అంటూ ఒక్క వాక్యం రాయలేదు. పాచికలు వేస్తుంటే కథ ఆడేవాళ్ల చేతుల్లోనే నడుస్తుంది, కౌలుకిచ్చేవాడెవడో కట్టేవాడెవడో తేలిపోతుంది.

అసలు తెలివంతా రెండో నియమావళిలో ఉంది. తర్వాతి కూర్పుల్లో మేగీ ఒకే పటానికి రెండు పద్ధతులు పెట్టింది. మొదటి దానిలో అద్దె యజమాని జేబులోకి పోతుంది, అందరినీ దివాలా తీయించినవాడే విజేత. రెండో దానిలో భూమి అద్దె ప్రజల ఖజానాకు పోతుంది. అందరికంటే తక్కువ డబ్బుతో ఉన్నవాడు దాన్ని రెట్టింపు చేసుకోగానే ఆట ముగుస్తుంది, అందరూ గెలిచినట్టే. గడులు అవే, పాచికలు అవే. అద్దె ఎటు పోవాలన్న ఒక్క నియమం మారితే లోకమే మారిపోతుంది. ఆటలో కథ చెప్పడం గురించి ఇంతకు మించిన పాఠం నాకు తెలియదు.

1906లో అచ్చయ్యాక ఆట చేతులు మారుతూ పోయింది. జనం ఎవరికి వారు పటం గీసుకుని, తమ ఊరి వీధుల పేర్లు రాసుకునేవారు. అట్లాంటిక్ సిటీలోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు కూడా అలాగే రాసుకున్నారు. 1930ల ఆరంభంలో చార్లెస్ డారో ఆ ఆటను స్నేహితుల దగ్గర నేర్చుకుని, తన సొంతమని అమ్మడం మొదలుపెట్టాడు. ఎత్తి రాశాడనడానికి పటమే సాక్ష్యం. అట్లాంటిక్ సిటీ పక్కన 'మార్వెన్ గార్డెన్స్' అనే పేట ఉంది. డారో నేర్చుకున్న పటంలో అది పొరపాటున 'మార్విన్' అని ఉంది, మోనోపలీలోనూ ఆ తప్పు అలాగే దిగిపోయింది.

1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ డారో ఆట కొని, మేగీ పేటెంట్‌నూ ఐదువందల డాలర్లకు తీసుకుంది. రాయల్టీ లేదు. డారో కోటీశ్వరుడయ్యాడు. మోనోపలీ పెట్టెలోకి మొదటి నియమావళి మాత్రమే వచ్చింది. మేగీ ఏ దుర్మార్గాన్ని ఎత్తిచూపాలని గీసిందో, దాన్నే ఇంటింటా పిల్లలు ముచ్చటపడి సాధన చేశారు. మేగీ 1948లో కన్నుమూసింది.

ఆమె పేరు తిరిగి వెలుగులోకి వచ్చింది ఒక దావా వల్ల. ఆర్థికశాస్త్ర ఆచార్యుడు రాల్ఫ్ ఆన్స్‌పాక్ 1973లో 'యాంటీ మోనోపలీ' అనే ఆట తెస్తే, పేరు వాడకూడదని మోనోపలీ యాజమాన్యం అడ్డుపడింది. ఆయన కోర్టుకెక్కి, పాత పేటెంట్లు తవ్వి తీశాడు. డారో కంటే ముందే ఆ ఆట ఆడినవాళ్లను వెతికి పట్టుకుని సాక్ష్యం ఇప్పించాడు. దాదాపు పదేళ్ల పోరాటం తర్వాత, 1983లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించడంతో కింది కోర్టులో ఆన్స్‌పాక్‌కు దక్కిన తీర్పే నిలిచింది.