జీపు మీటర్ల కథ

సత్తుపల్లిలో అశ్వారావుపేట వైపు పోయే రోడ్డు పక్కన పాత జీపులు బాగుచేసే షెడ్డు ఒకటున్నది. గడచిన వేసవిలో ఒకనాడు నేనక్కడ గంటసేపు నిలబడవలసి వచ్చింది. మెకానిక్కు ఒక జీపు డాష్‌బోర్డు కిందికి తల దూర్చి, అరచేతిలో ఇమిడే గుండ్రని ఆయిలు మీటరును కొత్తగా బిగిస్తున్నాడు. ఆయిలు సంగతి చెప్పటానికి ఆ బండిలో ఎర్రదీపం ఉండనే ఉన్నది. మరి ఇదెందుకని డ్రైవరును అడిగాను.

"దీపం వెలిగేసరికి ఇంజను అయిపోద్ది సార్. అడవిలో అయిపోతే ఎవర్ని పిలుస్తాం?" అన్నాడు.

అతని మాటలో అతిశయోక్తి కొద్దిగానే ఉన్నది. ఇంజనులో తిరిగే ఇరుసుకూ, దాన్ని మోసే బేరింగులకూ మధ్య సన్నని నూనెపొర ఉంటుంది. లోహం లోహాన్ని తాకకుండా కాపాడేది ఆ పొరే. పంపు తగినంత ఒత్తిడితో నూనెను పంపినంతకాలమే అది నిలుస్తుంది. పరుగులో ఉన్న ఇంజనులో ఈ పీడనం సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 2 నుంచి 4 కిలోగ్రాముల వరకు ఉంటుంది. ఎర్రదీపపు స్విచ్చి మాత్రం పీడనం ఇంచుమించు అర కిలోగ్రాముకు పడిపోయిన తరువాతనే కలుస్తుంది. మే నెల ఎండలో, బరువుతో, చిన్న గేరులో ఎత్తులెక్కుతూ ఉంటే నూనె పలచబడుతుంది. బాటలోని రాయి తగిలి ఆయిలు చాంబరు చిట్లటం కూడా అడవిదారుల్లో కొత్త కాదు. కారణమేదైనా, పీడనం మూడు నుంచి అరకు దిగివచ్చే దారి యావత్తూ దీపాన్ని నమ్ముకున్న డ్రైవరుకు కనబడదు.

విచిత్రమేమంటే, తొలినాటి జీపుకు ఈ లోపం లేదు. రెండవ ప్రపంచయుద్ధంలో విల్లిస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసిన జీపుల డాష్‌బోర్డు మీద అయిదు గుండ్రని మీటర్లుండేవి. వేగం, పెట్రోలు, చార్జింగు, ఆయిలు పీడనం, నీటి వేడి - వేటి డయలు వాటిదే. తలుపులు కూడా లేని బండికి అయిదు మీటర్లు ఎందుకు పెట్టారన్నది ఆలోచించదగిన విషయం. దారీ తెన్నూ లేనిచోట, వర్క్‌షాపు అందుబాటులో లేనిచోట తిరగవలసిన బండి అది. సత్తుపల్లి డ్రైవరు బాధ ఆనాటి సైన్యానికి ముందే తెలుసు!

ఆ అయిదింటిలో ఆయిలు మీటరు, నీటి వేడి మీటరు - ఈ రెండింటి ప్రాణం ఒకే వస్తువులో ఉన్నది. అది వంకర తిరిగిన ఒక చిన్న లోహపు గొట్టం. దాన్ని కనిపెట్టిన యూజీన్ బూర్డాన్ పారిస్ నగరపు యంత్రనిర్మాత. ఆవిరియంత్రం కోసం ఒక గొట్టాన్ని చుట్లుగా తిప్పుతూ ఉంటే అది నొక్కుకుపోయి బల్లపరుపైంది. దాన్ని మళ్ళీ గుండ్రం చెయ్యటానికి ఒక కొన మూసి, రెండో కొన నుంచి పంపుతో నీళ్ళెక్కించాడు. గొట్టం గుండ్రబడుతూనే, చుట్ట కూడా దానంతటది విప్పుకోవటం మొదలుపెట్టింది. మరొకరైతే పని చెడిందని విసుక్కునేవారు. బూర్డాన్ అందులో మీటరును చూశాడు. 1849లో పేటెంటు పొంది, 1851లో లండన్ మహాప్రదర్శనలో తన మీటరును ప్రదర్శించాడు.

జాతరలో పిల్లలు కొనే కాగితపు పీకను జ్ఞాపకం చేసుకోండి. ఊదితే చుట్ట విప్పుకుని ముందుకు చాస్తుంది, ఊపిరి తీస్తే ముడుచుకుంటుంది. ఇంచుమించు అదే వరస. బల్లపరుపు గొట్టం లోపల పీడనం పెరిగితే దాని రెండు గోడలూ ఒకదానికొకటి ఎడమవుతాయి. గోడల పొడవు మారదు గనుక, వంపు సడలితే తప్ప వాటికి చోటు దొరకదు. అందువల్ల గొట్టం మూసిన కొన కొద్దిగా జరుగుతుంది. ఆ కదలికను చిన్న పళ్ళచక్రాలు పెద్దదిచేసి ముల్లును తిప్పుతాయి. ఆవిరి బాయిలరు ఉన్న చోటికెల్లా ఈ గొట్టం వెళ్ళింది. సింగరేణి బొగ్గుతో నడచిన నిజాం రైల్వే ఇంజన్ల మీద డ్రైవర్ల కళ్ళెదుట ఉండే డయలు కూడా ఇదే.

పీడనం చూపే గొట్టం వేడిని ఎలా చూపుతుంది? ఇంజను నీళ్ళలో ఒక చిన్న లోహపు బుడ్డిని ముంచి, అందులో ఈథర్ పోసి, జుట్టంత సన్నని రంధ్రమున్న గొట్టంతో డాష్‌బోర్డు దాకా కలుపుతారు. నీరు వేడెక్కితే ఈథర్ బాష్పపీడనం పెరుగుతుంది, బూర్డాన్ గొట్టం విప్పుకుంటుంది. ఈథర్ 35 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర ఒక వాతావరణ పీడనం వద్ద మరుగుతుంది. 90 డిగ్రీలకు దాని బాష్పపీడనం సుమారు 5 వాతావరణాలు, 120 డిగ్రీలు దాటగానే 10. అంటే మొదటి 55 డిగ్రీలకు నాలుగు వాతావరణాలు పెరిగితే, తరువాతి ముప్పై పైచిలుకు డిగ్రీలకే అయిదు పెరిగాయి. కనుకనే పాత వేడి మీటర్ల డయలు మీద చల్లని వైపు గీతలు ఇరుకుగా, అపాయపు వైపు గీతలు ఎడంగా ఉంటాయి. డ్రైవరు జాగ్రత్తగా చూడవలసిన భాగంలోనే ముల్లు విశాలంగా కదులుతుందన్నమాట. ఉపాధ్యాయులు బాష్పపీడనపు వక్రరేఖను నల్లబల్ల మీద గీసినప్పుడు ఇటువంటి డయలును పక్కన పెట్టి చూపవచ్చును.

అదనపు మీటరు బిగించుకోవటం కూడా కొత్త అలవాటేమీ కాదు. 1910ల దశాబ్దంలో అమెరికాలో హారిసన్ బాయ్స్ అనే ఆయన రేడియేటరు మూత మీద నిలబెట్టే ఉష్ణమాపకాన్ని అమ్మాడు. దాన్ని మోటోమీటరు అనేవారు. డ్రైవరు తన సీటులో కూర్చునే, ముందున్న గాజులో ఎర్రని ద్రవం పైకి పాకటం చూసేవాడు. ఫోర్డు కారు కొన్నవారు కూడా వేరే డబ్బిచ్చి దీన్ని కొని పెట్టుకున్నారు. మీటర్లు డాష్‌బోర్డు మీదికి వచ్చాక దాని అవసరం తీరిపోయింది.

1930లలో హడ్సన్ కంపెనీ మీటర్లకు బదులు దీపాలు పెట్టటం మొదలుపెట్టింది. దీపం చవక; డ్రైవరుకు చదివే శ్రమ ఉండదు. యుద్ధం తరువాత ఈ పద్ధతి విస్తరించింది. దీపాలకు అమెరికాలో 'తెలివితక్కువవాళ్ళ దీపాలు' అని వెక్కిరింపు పేరు కూడా వచ్చింది. పౌరుల కోసం తయారైన తరువాతి జీపుల్లోనూ ఆయిలు, చార్జింగు మీటర్ల స్థానంలోకి దీపాలు చేరాయి. మన దేశంలో మహీంద్రావారు 1949లో బొంబాయిలో జీపులు కూర్చటం ప్రారంభించారు. 1952లో సామాజికాభివృద్ధి పథకం వచ్చాక బ్లాకు అధికారి, జీపు అనేవి పల్లెవాళ్ళ మనసులో ఒకే మాటగా అతుక్కుపోయాయి. ఖమ్మం జిల్లా ఏర్పడింది ఆ మరుసటి ఏడే. భద్రాచలం ప్రాంతం అందులో కలిసింది 1959లో. బస్సు పోని గూడేలకు పోయినది జీపే. అటువంటి బండికి దీపం చాలుననుకోవటం నా దృష్టిలో పట్టణాల లెక్క.

అయితే ముల్లునూ గుడ్డిగా నమ్మరాదు. ఆ షెడ్డు మెకానిక్కు చెప్పిన ముచ్చట ఇది: ఒక జీపుకు దారిలో రేడియేటరు గొట్టం పగిలింది. వేడి మీటరు ముల్లు ఎర్రగీత దాకా లేచి, కాసేపటికి దానంతటదే దిగివచ్చింది. చల్లబడిందనుకుని డ్రైవరు సంతోషంగా ముందుకు పోనిచ్చాడు. మరో రెండు మైళ్ళలో ఇంజను పట్టేసింది. జరిగిందేమంటే, నీరంతా కారిపోయి బుడ్డి ఖాళీ గాలిలో మిగిలింది. మీటరు అబద్ధం చెప్పలేదు. తన బుడ్డి చుట్టూ ఉన్న వేడినే చెప్పింది. ఆ బండిలో ఆయిలు మీటరు కూడా ఉంటే, వేడికి నూనె పలచబడి ఆ ముల్లు దిగజారటం కనబడేది.

చార్జింగు మీటరు సంగతి వేరు. పాత పద్ధతి ఆంపియరు మీటరును శ్రేణిలో కలపాలి, అంటే చార్జింగు కరెంటంతా దానిగుండా పోవాలి. ఒక నట్టు వదులై 0.05 ఓముల నిరోధం ఏర్పడినా, 40 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 80 వాట్లు. తీగల తొడుగు కరగటానికి అది చాలు. ఈనాడు తెలిసినవారు దానికి బదులు ఓల్టుమీటరును సమాంతరంగా కలుపుతారు. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 ఓల్టులు, ఇంజను నడుస్తుంటే ఇంచుమించు 14 చూపితే క్షేమం.

షెడ్డులోని మెకానిక్కు ఇవేమీ చదివినవాడు కాదు. కాని అతను దీపపు స్విచ్చిని తీసి పారవెయ్యలేదు. ఆ రంధ్రంలో ఇత్తడి 'టీ' జాయింటు బిగించి, ఒక చేతికి స్విచ్చి, రెండో చేతికి కొత్త మీటరు రాగిగొట్టం తగిలించాడు. మరలకు తెల్లటి టేపు చుడతానని కుర్రవాడు ముందుకొస్తే వద్దన్నాడు. ఆ స్విచ్చికి ఉన్నది ఒకటే తీగ. రెండో దారి ఇంజను లోహమే. మరలకూ లోహానికీ మధ్య టేపు అడ్డుపడితే కరెంటుకు దారి తెగి దీపం వెలగకపోవచ్చును. రాగిగొట్టం ఇంజను అదురుకు తెగకుండా దానికి రెండు చుట్లు వేసి వదిలాడు. డాష్‌బోర్డు రేకును తాకేచోట రబ్బరు తొడుగు వేశాడు.

ఇంజను స్టార్టు చేశారు. ముల్లు నాలుగు దాకా లేచింది. పావుగంట నడిచి నూనె వేడెక్కాక రెండున్నరకు దిగి నిలిచింది. డ్రైవరు దాన్ని కాసేపు చూసి, ఒకటి అంకె దగ్గర అద్దం మీద ఎర్రరంగుతో చిన్న గీత పెట్టమని కుర్రవాణ్ణి పురమాయించాడు.