ధ్రువీకరణ యంత్రానికి, బరువు జిల్లాకు

ఓటింగ్ యంత్రం గురించి మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా అది లోపలి చిప్ చుట్టూనే తిరుగుతుంది. ఆ ప్రోగ్రామును మార్చడం సాధ్యమా, కాదా అన్నది అవసరమైన ప్రశ్నే. కానీ ఆ యంత్రానికి పెట్టిన ప్రమాణాలను ఆచరణలో మోసేది ఎవరన్నది అంతగా చర్చకు రాదు. ఆ బరువు కలెక్టరేట్‌లోని ఎన్నికల విభాగం మీద, రిటర్నింగ్ అధికారి మీద, చివరికి పోలింగ్ కేంద్రంలోని ప్రిసైడింగ్ అధికారి మీద పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో నమోదైన కొన్ని ఘటనలు, అమెరికా అనుభవం ఒకటి ఆధారంగా ఈ సంగతిని పరిశీలిద్దాం.

ఆమోదం కేంద్రంలో, పరీక్ష జిల్లాలో

మన దేశంలో ఈవీఎంలను తయారుచేసేవి రెండే సంస్థలు: బెంగళూరులోని బెల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. రెండూ ప్రభుత్వ రంగ సంస్థలే. యంత్రం రూపకల్పనను ఎన్నికల సంఘం నియమించిన సాంకేతిక నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద ఉన్న ఎస్‌టీక్యూసీ పరీక్షలు జరిపి ధ్రువీకరిస్తుంది. ఏ యంత్రం కొనాలి, ఎంతకు కొనాలి అన్న తలనొప్పి జిల్లాకు లేదు.

జిల్లా పని ఎన్నికల ముందు జరిగే తొలిదశ తనిఖీతో, అంటే అధికారులు ఎఫ్‌ఎల్‌సీ అని పిలిచే దశతో, మొదలవుతుంది. తయారీ సంస్థ ఇంజినీర్లు పార్టీల ప్రతినిధుల ఎదుట ప్రతి యంత్రాన్నీ పరీక్షిస్తారు. సరిగ్గా పనిచేసిన కంట్రోల్ యూనిట్‌కు పింక్ పేపర్ సీల్ వేస్తారు. దాని మీద ఇంజినీరుతో పాటు ప్రతినిధులూ సంతకం చేస్తారు. ఆపైన 5 శాతం యంత్రాల్లో పెద్ద ఎత్తున మాక్ పోల్ జరగాలి. 1 శాతం యంత్రాల్లో 1,200 చొప్పున, 2 శాతంలో 1,000 చొప్పున, మిగతా 2 శాతంలో 500 చొప్పున ఓట్లు వేసి, వేసిన ఓటును కాగితం మీద ముద్రించి చూపే వీవీప్యాట్ స్లిప్పులతో సరిచూడాలి.

నిబంధనగా చదివితే ఇది ఒక్క పేరా. పనిగా లెక్కేస్తే ఎంతవుతుందో చూద్దాం. ఒక జిల్లాలో 3,000 యంత్రాలున్నాయని అనుకుందాం. 30 యంత్రాల్లో 1,200 చొప్పున 36,000, 60 యంత్రాల్లో 1,000 చొప్పున 60,000, మరో 60 యంత్రాల్లో 500 చొప్పున 30,000. మొత్తం 1,26,000 ఓట్లు. వీవీప్యాట్ అద్దం వెనక ప్రతి స్లిప్పూ 7 సెకన్లు కనిపిస్తుంది. ఆ సెకన్లను మాత్రమే కూడితే 245 గంటలు. పది బల్లల మీద ఒకేసారి నడిపినా రోజుకు పైగా సమయం స్లిప్పులు కనిపించడానికే పోతుంది. వాటిని కత్తిరించి, అభ్యర్థుల వారీగా వేరుచేసి లెక్కపెట్టే సమయం ఇందులో లేదు. ఇది నమూనా లెక్క మాత్రమే. అయినా ఒక్క నిబంధన కలెక్టరేట్ మీద మోపే పని ఏ స్థాయిలో ఉంటుందో దీన్నిబట్టి అంచనా వేయవచ్చు.

64 నుంచి 384 వరకు

యంత్రం సామర్థ్యాన్ని నిర్ణయించే అంకె కూడా ఒక ప్రమాణమే. పాత ఎం2 యంత్రానికి నాలుగు బ్యాలెట్ యూనిట్లే కలపగలం. ఒక్కోదానిలో 16 చొప్పున 64 పేర్లు దాని పరిమితి. 2010 జులైలో తెలంగాణలో 12 అసెంబ్లీ స్థానాలకు జరిగిన ఉప ఎన్నికల్లో కొన్నిచోట్ల అభ్యర్థుల సంఖ్య 64 దాటింది. అక్కడ ఎన్నికల సిబ్బంది యంత్రాలను పక్కనపెట్టి మళ్లీ బ్యాలెట్ పత్రాలు ముద్రించుకోవాల్సి వచ్చింది.

ఎం3 యంత్రంతో ఆ పరిమితి 24 బ్యాలెట్ యూనిట్లకు, నోటాతో కలిపి 384 పేర్లకు పెరిగింది. దానికి అసలైన పరీక్ష 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఎదురైంది. పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోరుతూ 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది మిగిలారు. నోటాతో కలిపితే 186 పేర్లు, ఒక్కో పోలింగ్ కేంద్రానికి 12 బ్యాలెట్ యూనిట్లు. దాదాపు 1,800 కేంద్రాలకు లెక్కేస్తే, రిజర్వు యంత్రాలు కాకుండానే 21 వేలకు పైగా యూనిట్లు కావాలి. వాటన్నిటినీ తనిఖీ చేయాలి, పేర్లు అతికించాలి, కేంద్రాలకు చేర్చాలి, వరుస తప్పకుండా కలపాలి. ఏప్రిల్ 11న మిగతా తెలంగాణలో పోలింగ్ ఉదయం 7 గంటలకు మొదలైతే నిజామాబాద్‌లో 8 గంటలకు మొదలైంది. అన్ని యూనిట్లలో మాక్ పోల్ పూర్తిచేయడానికి ఆ అదనపు సమయం అవసరమైంది. పోలింగ్ పూర్తయింది, ఫలితం వెలువడింది.

1996లో నల్గొండలో ఫ్లోరైడ్ సమస్యను దేశం దృష్టికి తేవడానికి 480 మంది లోక్‌సభకు పోటీచేసినప్పుడు బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. ఆ అనుభవంతో పోలిస్తే నిజామాబాద్‌లో యంత్రం పెద్ద మేలే చేసింది. అయితే ఎం3 ప్రమాణం పోలింగ్ జరగడాన్ని సాధ్యం మాత్రమే చేసింది. సాధ్యమైనదాన్ని వారాల వ్యవధిలో చేసి చూపించింది స్థానిక యంత్రాంగం.

మైదుకూరు చెప్పేది

చంద్రబాబు నాయుడు, ఇతర ప్రతిపక్ష నేతల పిటిషన్ మీద 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో లెక్కించాల్సిన వీవీప్యాట్‌లను ఒకటి నుంచి ఐదుకు పెంచింది. 2024 ఏప్రిల్ 26న ఇచ్చిన మరో తీర్పులో కోర్టు, 41 వేలకు పైగా వీవీప్యాట్‌లను సరిచూశామన్న ఎన్నికల సంఘం వివరాలను ప్రస్తావించింది. అందులో తేడా వచ్చిందని పేర్కొన్నది ఒక్క కేంద్రాన్నే. అది 2019లో కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోనిది. కారణం చిప్ కాదు. మాక్ పోల్ ఓట్లను ప్రిసైడింగ్ అధికారి యంత్రం నుంచి తొలగించలేదు.

ఆ పని వినడానికి చిన్నదే. పోలింగ్‌కు 90 నిమిషాల ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేయాలి. ఆపైన క్లోజ్, రిజల్ట్, క్లియర్ మీటలు వరుసగా నొక్కాలి. వీవీప్యాట్ పెట్టెలోంచి స్లిప్పులు తీసి, వాటి వెనక మాక్ పోల్ ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. ముందురోజు సామగ్రి అందుకుని, రాత్రి కేంద్రంలోనే పడుకుని, తెల్లవారకముందే లేచిన ఉపాధ్యాయుడో గుమస్తానో ఇదంతా చేస్తారు. ఒక్క ఘటనతో సాధారణ సూత్రం కట్టలేం. కానీ ధ్రువీకరణ పరీక్షలు పట్టుకోలేని తప్పు ఏ తరహాదో మైదుకూరు స్పష్టంగా చూపించింది.

అమెరికాలో మరో తీరు

అమెరికాలో వ్యవస్థ వేరు. 2002 నాటి చట్టంతో ఏర్పడిన ఎన్నికల సహాయ కమిషన్ ప్రమాణాలు రూపొందిస్తుంది. ఫెడరల్ స్థాయిలో అవి స్వచ్ఛందం, చాలా రాష్ట్రాలు తమ చట్టాల ద్వారా వాటిని పాటిస్తాయి. కొత్త ప్రమాణాలకు 2021 ఫిబ్రవరిలో ఆమోదం లభించింది. చాలాచోట్ల యంత్రాల ఎంపిక, ఖర్చు కౌంటీలవే. ధ్రువీకరణ పొందిన సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేయాలంటే మళ్లీ పరిశీలనకు పంపాలి. భద్రతకు అది మంచిదే. కానీ 2020 జనవరిలో విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినప్పుడు, దాని మీద నడిచే వ్యవస్థలున్న కార్యాలయాలు ఇరుకున పడ్డాయి.

2019 నవంబరులో పెన్సిల్వేనియాలోని నార్తాంప్టన్ కౌంటీలో ధ్రువీకరణ పొందిన కొత్త యంత్రాలు ఒక న్యాయమూర్తి అభ్యర్థికి 55 వేల బ్యాలెట్లలో 164 ఓట్లే చూపించాయి. కాగితపు బ్యాలెట్లు లెక్కిస్తే 26 వేలకు పైగా వచ్చాయి, ఆయనే గెలిచారు. లోపం యంత్రాలను ఆ ఎన్నికకు సిద్ధం చేయడంలో జరిగింది. కాపాడింది కాగితం, దాన్ని రాత్రికి రాత్రి లెక్కించిన వ్యవస్థ.

తేలేదేమిటి

రెండు దేశాల ఉదాహరణలూ పరిమితమైనవే. అయినా అవి ఒకే వైపు చూపిస్తున్నాయి. ధ్రువీకరణ తప్పనిసరి. కానీ యంత్రం ప్రయోగశాల దాటాక జరిగే తప్పులను అడ్డుకునే శక్తి జిల్లా సిబ్బంది, వారి శిక్షణ, వారికి దొరికే సమయం మీదే ఆధారపడి ఉంటుంది. 2024 తీర్పు ఆ బాధ్యతను మరింత పెంచింది. వీవీప్యాట్‌లలో గుర్తులు లోడు చేసే యూనిట్లను కనీసం 45 రోజులు సీలు చేసి భద్రపరచాలి. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు కోరితే 5 శాతం యంత్రాల చిప్‌లను తనిఖీ చేయించాలి.

అందుకే కొత్త ప్రమాణం రాసినప్పుడల్లా అది అడిగే గంటలు, మనుషులు, గదులు ఎన్నో కూడా లెక్కగట్టి, నిధులతో సహా జిల్లాలకు ఇవ్వాలి. ఎఫ్‌ఎల్‌సీలో తిరస్కరించిన యంత్రాల వివరాలను జిల్లాల వారీగా ప్రజల ముందుంచాలి. పార్టీలు చేయాల్సింది అంతకన్నా సులువు. ఓడిన తర్వాత అనుమానించడం కన్నా, పోలింగ్ రోజు మాక్ పోల్ సమయానికి ప్రతి కేంద్రానికీ తమ ఏజెంటును పంపి, క్లియర్ మీట నొక్కేదాకా పక్కనే ఉండమని చెప్పాలి.