మూర్ఛమందును రక్తపు పోటును



మూర్ఛకు మన పూర్వులు అపస్మారమని పేరిడిరి. స్మృతి తొలగిపోవుట యని దాని యర్థము. చరకసంహిత దానిని నాలుగు విధములుగా విభజించినది. పల్నాటి పల్లెలలో నేటికిని దానిని గాలి సోకుటగా భావించువా రున్నారు. ఆ రోగమునకిచ్చు మందు రక్తపు పోటును గూడ మార్చగలదను సంగతి వైద్యులకెట్లు తెలిసినదో మనవి చేసెదను. ఇందులో రెండు చరిత్రలున్నవి: ఒకటి మందులది, రెండవది కొలతది. చాలకాలము ఇవి వేర్వేరుగా నడచినవి.

1857లో లండను వైద్యుడు చార్లెస్ లోకాక్ బ్రోమైడు లవణము మూర్ఛలకు పనిచేయుచున్నదని వైద్యసభలో చెప్పెను. అయితే అది రక్తపు పోటును ఏమి చేయునో చూచు సాధనము నాటి వైద్యునికి లేదు. మణికట్టుపై వ్రేళ్లుంచి చూచుటయే దిక్కు. బసవరాజీయము చదివిన మన వైద్యులును నాడిచూచుటలో నేర్పరులే. నాడి వేగమును బలమును వ్రేలికి తెలుపును గాని అంకె చెప్పదు. 1896లో ఇటలీ వైద్యుడు రీవా రొచ్చి చేతికి రబ్బరు పట్టీ చుట్టి పాదరసముతో పోటును కొలిచెను. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కొఫ్ ఆ పట్టీ దిగువ ధమనిపై స్టెతస్కోపు ఉంచి శబ్దము వినుట నేర్పెను. నాటినుండి పోటు రెండంకెలలో చెప్పబడుచున్నది.

1912లో జర్మనీలో హౌప్ట్‌మన్ ఫినోబార్బిటాలు మూర్ఛలను తగ్గించుట గనిపెట్టెను. అది నిద్ర కలిగించు మందు. నిద్ర పుట్టించినగాని మూర్ఛ తగ్గదని పలువురు తలచియుండిరి. 1938లో బోస్టను నగరమున మెరిట్, పట్నం అనువారు, పిల్లులపై విద్యుత్తుతో పరీక్షించి, ఫినిటాయినును రోగుల కిచ్చి, ఆ యభిప్రాయము తప్పని చూపిరి. ఆ పదార్థము 1908లోనే బిల్ట్జ్ అను రసాయనికునిచే తయారై ముప్పది యేండ్లు ఊరక పడియుండెను!

మాత్రగా మ్రింగినపుడు ఫినిటాయిను పోటును సాధారణముగా పెద్దగా కదలింపదు. కాని మూర్ఛ వెంట మూర్ఛ వచ్చి రోగికి తెలివి రానపుడు మాత్ర మ్రింగించుట కుదరదు. మందు సిరలోనికి పోవలెను. ఇచ్చటనే రెండు చరిత్రలును కలిసినవి. ఫినిటాయిను నీటిలో సరిగా కరగదు. కావున ప్రొపిలీన్ గ్లైకాలు, సారాయము కలిపిన ద్రవమున కరగింతురు. అది వేగముగ పోయినచో మందువలనను ద్రవమువలనను రక్తనాళములు సడలును, గుండె నడక చెడును, పోటు పడిపోవును. అందువలన పెద్దవారికి నిమిషమునకు 50 మిల్లీగ్రాములు మించరాదని నియమమేర్పడినది. వేయి మిల్లీగ్రాము లెక్కించుటకు 20 నిమిషములు పట్టును. వృద్ధులకును గుండెజబ్బువారికిని ఇంకను మెల్లగా ఇత్తురు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఫాస్‌ఫినిటాయిను నీటిలో కరగును. దానిని ఇంతకంటె వేగముగ ఇయ్యవచ్చును. అయినను పోటు చూచుట మానరు.

మా అచ్చంపేటవంటి పల్లెలనుండి రోగిని గుంటూరు పెద్దాసుపత్రికి తీసికొనిపోయిన బంధువులు, “ఇంత మెల్లగా ఎక్కింతురేమి?” యని నర్సుపై విసుగుకొనుట కలదు. పట్టీ చుట్టి మాటిమాటికి పోటు చూచుచు ఆమె చేయు ఆ జాగు అలసత్వము గాదు. రోగి ప్రాణమును కాపాడుటయే.

పోటు మారుటకు రెండవ త్రోవయు గలదు. అది నిదానమైనది. ఫినిటాయిను, ఫినోబార్బిటాలు, 1953లో స్విట్జర్లాండున ష్షిండ్లర్ తయారు చేసిన కార్బమజిపీను — ఈ మూడును కాలేయమును చుఱుకు చేయును. అపుడు కాలేయము తక్కిన మందులను గూడ త్వరగా విఱిచివేయును. పోటునకు నిఫిడిపీను వంటి మాత్ర వేసికొనువానికి మాత్ర చాలక పోటు పెరుగవచ్చును. వైద్యుడు మోతాదు పెంచిన పిదప మూర్ఛమందు మానినచో కొన్ని వారములకు కాలేయము మునుపటి స్థితికి వచ్చి, పోటు మిక్కిలి పడిపోవచ్చును. రెండు జబ్బులకు ఇద్దరు వైద్యులను చూచుచు, ఒకరి చీటీ మఱియొకరికి చూపనివారికి ఈ చిక్కు వచ్చును.

బడిపంతులుగా నుండగా నా తరగతిలో ఒక బాలునికి మూర్ఛ వచ్చినది. తోడిపిల్లలు పరుగున పోయి ఇనుప తాళపుచెవి తెచ్చి వాని పిడికిట నుంచిరి. కొంతసేపటికి మూర్ఛ తానే తగ్గినది. కీర్తి తాళపుచెవికి దక్కినది! ఇనుమువలన ఫలము లేదు. రోగిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోట ఏమియు పెట్టకుడు. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి చేర్పుడు.

మందువలన పోటు మారునని వినినంత మాత్రమున మూర్ఛమందు మీకు మీరే మానవలదు. అట్లు హఠాత్తుగా మానిన, మూర్ఛ ఎడతెగక వచ్చి ప్రాణమునకే మోసము కావచ్చును. మీరు వేసికొను మందుల చీటీలన్నియు ఒక్క సంచిలో నుంచి, ఏ వైద్యుని వద్దకు పోయినను చూపుడు; పోటు కొలిపించి, ఆ అంకెను తేదీతో వ్రాసి యుంచుకొనుడు.